వినని సగం

ఎర్రవాగు దిగిపోయింది. వరదకు కొట్టుకొచ్చిన దుంగలను తండా మగవాళ్ళు ఈడ్చుకెళ్ళి పొయ్యిలోకి చీల్చుకున్నారు. గేదెలు మళ్ళీ అవతలి గట్టుకు మేతకు పోతున్నాయి. అంతా మామూలైపోయిందని ఎవరైనా అంటే, వాళ్ళు సోమ్లి గుడిసె వైపు చూడలేదన్నమాట.

కిందటి వారం కథ ఆపి మనం లేచి వచ్చింది ఆ గుడిసె ముందు నుంచే. సోమ్లి ఒక్కగానొక్క కూతురు బాలి పురిటికి పుట్టింటికి వచ్చింది. వాగు పొంగి దారి మూసుకుపోయిన రోజునే నొప్పులొచ్చాయి. ఇవతలి ఒడ్డున నర్సు సంపూర్ణ మందుల సంచీ భుజాన వేసుకుని నిలబడిపోయింది. అవతల సోమ్లి తన కూతురికి తానే పురుడు పోసింది. ఆడపిల్ల పుట్టింది, కేరుమంది. ఆ తర్వాత బాలి లేవలేదు. వాగు కాస్త తగ్గాక మంచం మీద మోసుకొచ్చి ఆటో ఎక్కించేసరికే ఆమె పెదవులు తెల్లబడ్డాయి. పాల్వంచ దాటకముందే తల్లి చేతిలో చెయ్యి చల్లబడిపోయింది. కడుపులో ఇంకో బిడ్డ ఉండిపోయిందని దవాఖానాలో చెప్పారు. ఆ బిడ్డ వెలుగు చూడనే లేదు. దినాలనాడు అల్లుడు ధన్‌సింగ్ పదిమందిలో లేచి, "నీ చేతులల్లనే సచ్చింది నా పెండ్లాం" అని అత్తను వేలుపెట్టి చూపాడు. సోమ్లి తలవంచుకుంది. పక్కనే కూర్చున్న సంపూర్ణ కూడా తలవంచుకుంది.

నర్సమ్మ ఎందుకు తలవంచుకుందో తండాలో ఎవరికీ తెలియదు. నిజానికి ఆమెకే పూర్తిగా తెలియదు. లోపల ఒక అనుమానం దొలుస్తోంది, దాన్ని నోటిదాకా రానివ్వడం లేదు. దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకుంది. ఆ అనుమానం ఏమిటో అర్థం కావాలంటే ముందు డిష్ పాఠం సంగతి చెప్పుకోవాలి.

రేగులగూడెం సర్కారు దవాఖానా డాబా మీద పెద్ద డిష్ ఒకటి ఆకాశానికి నోరు తెరుచుకుని ఉంటుంది. కింద మీటింగు హాల్లో టీవీ. హైదరాబాదులో ఒక డాక్టరమ్మ కెమెరా ముందు కూర్చుని పాఠం చెబుతుంది, ఇక్కడ అడవి పల్లెల నర్సులు బెంచీల మీద కూర్చుని వింటారు. ఎప్పుడో చదివిన చదువు పాతబడిపోకుండా, పట్నం దాకా పోయే పని లేకుండా కొత్త సంగతులు నేర్చుకోవాలని చేసిన ఏర్పాటు. మంచి ఏర్పాటే. దాన్ని చెడగొట్టిందెవరూ చెడ్డవాళ్ళు కారు, మంచి పేరు తెచ్చుకుందామనుకున్నవాళ్ళు.

రేగులగూడెంలో పాఠం విన్నారని హైదరాబాదుకు ఎలా తెలియాలి? బొమ్మ ఇటు వస్తుంది గానీ అటు పోదు కదా. అందుకని పాఠం చివర ఫోన్ చేసి ఒక ప్రశ్న అడగాలి. అడిగిన దవాఖానా పేరు డాక్టరమ్మ టీవీలో చదువుతుంది. పేరు వినిపిస్తే ఆ దవాఖానా బాగా పనిచేస్తున్నట్టు లెక్క. ఊళ్ళన్నీ ఒకే నంబరు మీద పడితే లైను ఎవరికి దొరుకుతుంది? అందుకే డాక్టర్ అనిల్‌కుమార్ ఒక పద్ధతి పెట్టాడు. పాఠం సగంలో ఉండగానే ఒక నర్సు లేచి వెళ్ళి, మందుల గదిలో ఫోన్ దగ్గర కూర్చుని నంబరు నొక్కుతూనే ఉండాలి. వంతులవారీగా. అడిగే ప్రశ్న కూడా ఆయనే ముందుగా చెప్పేవాడు, అడవి నర్సులు ఏదో ఒకటి అడిగి పరువు తీస్తారని భయం. ఆ గది కిటికీ పక్కనే జనరేటరు. హాల్లో మాట ఒక్కటి వినిపించదు. పాఠం విన్నామని చెప్పుకోవడానికి పాఠం వినడం మానుకోవాలన్నమాట. ఇంత తెలివి మనకు తప్ప ఇంకెవరికి వస్తుంది!

కాన్పు తర్వాత రక్తం ఆపడానికి వచ్చిన కొత్త మాత్రల గురించి చెప్పిన రోజున వంతు సంపూర్ణది. మొదటి సగం శ్రద్ధగా విన్నది. బిడ్డ పుట్టగానే మూడు మాత్రలు, ఆలస్యం చేయకూడదు. అక్కడికి లేచి వెళ్ళి నంబరు నొక్కుతూ కూర్చుంది. అదృష్టం, లైను దొరికింది. "గర్భిణీకి రక్తం పట్టే మాత్రలు ఏ నెల నుంచి ఇవ్వాలి మేడమ్?" అని అడిగింది. ఆ సంగతి ఆమెకు పెళ్ళి కాకముందు నుంచీ తెలుసు. దవాఖానా పేరు టీవీలో వచ్చింది, అందరూ చప్పట్లు కొట్టారు, డాక్టరు లడ్డూలు తెప్పించాడు. సంపూర్ణ కూడా ఒకటి తిన్నది.

ఆ సాయంత్రం ఎప్పటిలాగే వాగు దాటి సోమ్లి అరుగు మీద కూర్చుని పాఠం అప్పజెప్పింది. ఇది వాళ్ళిద్దరి అలవాటు. సోమ్లి ఆ తండాకు మంత్రసాని. సగం తండా ఆమె చేతుల మీదుగానే భూమ్మీద పడింది. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో సంపూర్ణను ఎవరూ గడప తొక్కనివ్వకపోతే, సోమ్లే చెయ్యి పట్టుకుని ఇంటింటికీ తిప్పింది. అప్పటినుంచి సంపూర్ణ ఆమెను 'యాడీ' అనే పిలుస్తుంది. తండా మాటలో అమ్మ అని. సండే స్కూల్లో పిల్లలకు వాక్యం చెప్పినట్టు, టీవీలో విన్నదంతా తెలుగూ లంబాడీ కలిపి ఆమెకు చెప్పేది. సోమ్లి విని, తిరిగి అప్పజెప్పేది. ఒక్క ముక్క తప్పిపోయేది కాదు.

ఆ మాత్రలు నర్సు చేత్తోనే వేయాలని నియమం. వాగుకు నియమాలు తెలియవుగా. వానలు పట్టుకుంటే తండాకు సోమ్లి తప్ప దిక్కులేదని, మాత్రలు పొట్లాలు కట్టి ఆమె నడుం సంచీలో పెట్టింది సంపూర్ణ. మంచిపని చేశాననే అనుకుంది.

ఇప్పుడు ఆ పాఠాన్నే మళ్ళీ వేస్తున్నారు. ఈసారి మంత్రసానులను కూడా వెంటబెట్టుకు రమ్మని పైనుంచి ఉత్తర్వు. అలా సోమ్లి మొదటిసారి రేగులగూడెం దవాఖానా మెట్లెక్కింది.

మనవరాలిని పాతచీర ఉయ్యాలలా కట్టి ఎదకు వేలాడదీసుకుంది. భుజాల దాకా ఉండే గాజులు పసిదాని ఒంటికి గీరుకోకుండా వాటికి గుడ్డ చుట్టుకుంది. చేతిలో ఉగ్గుగిన్నె, చిన్న సీసాలో మేకపాలు. ఎంత చిక్కిపోయిందంటే, గేటు దగ్గర ఆమెను చూసి సంపూర్ణ ముందు ఎవరో అనుకుంది.

"పాలు తాగుతున్నదా యాడీ?"

"తాగుతున్నది. రాత్రంత ఏడుస్తది, తెల్లారి తాగుతది." సోమ్లి పసిదాని నుదురు తుడిచింది. "టీవీ డాక్టరమ్మను నీ నోటితోనే విన్న గని మొకం ఎన్నడు సూడలే. ఇయ్యాల సూస్త." మెల్లగా అంది. "నర్సమ్మా, ఒకటడుగుత. మాత్రలు ఏసుడు నాకు ఆలస్యమైంది. బొడ్డు కోసి, పిల్లను తుడిచి, గప్పుడు ఏసిన. పుట్టంగనే జల్దీ ఏస్తె బతికేదేమో గదా?"

సంపూర్ణ ఉయ్యాల ముడి సరిచేసింది. "గట్ల అనుకోకు యాడీ" అని మాత్రం అనగలిగింది.

అప్పుడే డాక్టరు గదిలోంచి కబురొచ్చింది.

అనిల్‌కుమార్‌కు ముప్పై ఏళ్ళుంటాయి. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి అశ్వారావుపేట పక్కన పామాయిల్ తోటలు వేసుకున్న కుటుంబం. ఇదే మొదటి ఉద్యోగం. సంపూర్ణను కూర్చోమన్నాడు. ఎప్పుడూ అనడు.

"ఆ తండా ఆవిడ వచ్చిందటగా. తెలుగు బాగా అర్థమవుతుందా?"

"సంతల బేరమాడే తెలుగు వస్తది సార్. టీవీల చెప్పే పుస్తకం తెలుగు అర్థం కాదు. నేనే చెప్పాలె."

ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. "ఆ రోజు రెండో సగం మీరు విన్లేదు కదూ?"

"ఫోన్ దగ్గరున్న సార్. మీరే కూసోమన్నరు."

ఆయన బల్లమీది కళ్ళజోడు వైపు చూశాడు. అటు చూస్తూనే చెప్పాడు. మాత్రలు వేసేముందు కడుపు మీద చెయ్యివేసి చూడాలని, లోపల రెండో బిడ్డ ఉంటే వేయకూడదని, వేస్తే గర్భసంచి లోపలి బిడ్డ మీదనే బిగుసుకుపోతుందని, చిరిగినా చిరుగుతుందని. ఆ రోజు రెండో సగమంతా డాక్టరమ్మ చెప్పింది ఇదేనని.

 అనుమానం అనుమానంగా ఉన్నంతకాలం దాంతో ఎలాగో బతకొచ్చు. ఇప్పుడది గది మధ్యలోకి వచ్చి నిలబడింది. ఇందులో మరీ ఘోరం ఏమిటంటే, ఆ సంగతి సంపూర్ణకు తెలియనిదీ కాదు. ఈ మాత్రలు రాకముందు కాన్పు కాగానే వేసే సూది మందుకు నేర్చుకున్నది అదే. బిడ్డ పుట్టగానే తన చెయ్యి దానంతటదే తల్లి కడుపు మీదికి పోతుంది. ఊపిరి పీల్చుకోమని ఎవరికైనా చెబుతామా? అలాగే అది కూడా చెప్పాల్సిన ముక్క అని ఆమెకు తట్టనే లేదు.

"మీకు ఆ రోజే చెప్పాల్సింది. లడ్డూల హడావిడిలో మర్చిపోయాను" అన్నాడు డాక్టరు. దాచకుండా చెప్పాడు, పాపం. "ఇవాళ ఆ ముక్క వచ్చినప్పుడు ఆవిడతో ఇంకేదైనా చెప్పండి. కన్నకూతుర్ని తన చేత్తోనే చంపుకున్నానని తెలిస్తే ఆవిడ బతుకుతుందా? పసిదాన్ని ఎవరు చూస్తారు?"

"రేపు ఇంకొక పిల్లకు పురుడు పోస్తది గద సార్."

"మిగిలిన మాత్రలు వెనక్కి తీసేసుకోండి. కారణం చెప్పక్కర్లేదు. నేను దుర్మార్గుణ్ణి కానండీ సంపూర్ణగారూ. ఆవిడ కోసమే చెబుతున్నాను."

ఆవిడ కోసమే. నిజమే కావచ్చు. అందులో తన కోసం కూడా కొంత ఉందని ఆయనకు తెలుసు, సంపూర్ణకు తెలుసు. సంపూర్ణ కోసం కూడా ఉంది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. చెబితే సోమ్లి గుండె పగులుతుంది, చెప్పకపోతే తన గుండె కుళ్ళుతుంది. తనదే కుళ్ళనీ అనుకుంది సంపూర్ణ. "సరే సార్" అని లేచింది. ప్రభువా, ఈ ఒక్కరోజు దాటించు అని మనసులోనే వేడుకుంటూ హాల్లోకి వచ్చింది.

పాఠం మొదలైంది. సోమ్లి ముందు బెంచీ మీద, కళ్ళార్పకుండా టీవీ వైపు చూస్తూ కూర్చుంది. పసిది ఒళ్ళో నిద్రపోతోంది. డాక్టరమ్మ ఒక్కో మాట చెప్పి ఆగినప్పుడల్లా సంపూర్ణ ఆమె చెవిలో చెప్పేది. సోమ్లి తలూపేది. మొదటి సగమంతా ఆమెకు కంఠతా వచ్చిందే. "అవ్, ఇది నువ్వు చెప్పినవ్" అని మధ్యలో ఒకసారి కాస్త గర్వంగా కూడా అంది. బాలి పోయాక ఆ ముఖంలో అంత వెలుగు కనిపించడం అదే మొదలు. సంపూర్ణ చూడలేక పక్కకు తిరిగింది.

సగం అయింది. ఇవాళ వంతు ఇంకో నర్సుది. ఆమె లేచి మందుల గదికి వెళ్ళిపోయింది.

"ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా వినండి" అంది డాక్టరమ్మ టీవీలో. "మాత్రలు ఇచ్చే ముందు తల్లి పొట్ట తడిమి, లోపల రెండో బిడ్డ లేదని నిర్ధారించుకోండి. ఇది మీకు తెలిసిన విషయమే కావచ్చు. కానీ ఇంకొకరికి నేర్పేటప్పుడు అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది ఇదే."

హాల్లో ఎవరో దగ్గారు. సోమ్లి చెవి ఇటు తిప్పి ఎదురుచూస్తోంది.

"ఏమన్నది?"

"చేతులు... చేతులు సబ్బుతోని మంచిగ కడుక్కోమంటున్నది యాడీ."

"కడుక్కుంట" అంది సోమ్లి. తలూపింది.

ఇన్నేళ్ళలో సంపూర్ణ ఆమెతో చెప్పిన మొదటి అబద్ధం అది. ఎంత తేలిగ్గా వచ్చిందో చూసి ఆమెకే భయమేసింది. ఇక నాలుగు మాటలు గడిస్తే చాలు, ఇది దాటిపోతుంది అనుకుంది.

దాటలేదు. డాక్టరమ్మకు తెలుసు కదా, వినేవాళ్ళలో చదువు రానివాళ్ళు కూడా ఉంటారని. అందుకే బొమ్మలు గీయించి పెట్టింది. టీవీ నిండా ఒక తల్లి బొమ్మ వచ్చింది. తల్లి పక్కన గుడ్డలో చుట్టిన పసిబిడ్డ. తల్లి కడుపులో ముడుచుకున్న ఇంకో బిడ్డ. ఆమె నోటి దగ్గర ఒక చెయ్యి, అరచేతిలో మూడు తెల్లటి మాత్రలు. ఆ చేతి మీద అడ్డంగా ఎర్రటి గీతలు రెండు. తర్వాత ఇంకో బొమ్మ. ఆ తల్లి కళ్ళు మూసుకుంది. కింద అంతా ఎరుపు.

దానికి తెలుగెందుకు, లంబాడీ ఎందుకు?

సోమ్లి కదల్లేదు. టీవీలో బొమ్మ మారింది, ఇంకోటి వచ్చింది, డాక్టరమ్మ ఏదో చెబుతూనే ఉంది. సోమ్లి ముఖం మీద మాత్రం ఆ బొమ్మే ఆగిపోయింది. చాలాసేపటికి సంపూర్ణ వైపు తిరిగింది. కోపం లేదు, కన్నీళ్ళు లేవు. ఏదో తెలియక అడుగుతున్న చిన్నపిల్లలా అడిగింది.

"చేతులు కడుక్కోమన్నదా, నర్సమ్మా?"

 సోమ్లి పసిదాన్ని ఎదకు అదుముకుని లేచింది. బెంచీలు తప్పించుకుంటూ, ఎవరి కాలూ తొక్కకుండా, వెనక తలుపు గుండా బయటికి నడిచింది. సంపూర్ణ పరుగున వెంటపడింది. హాలు చివర కూర్చున్న డాక్టరు సగం లేచి, మళ్ళీ కూర్చున్నాడు.

దవాఖానా వెనక దండెం మీద ఉడికించిన గుడ్డలు ఆరేసి ఉన్నాయి. వాటి పక్కన మెట్ల మీద కూర్చుంది సోమ్లి. సంపూర్ణ ఆమె కింది మెట్టు మీద కూలబడింది.

"చెప్పు" అంది సోమ్లి. "గా డాక్టరమ్మ ఏమన్నదో, అట్లనే చెప్పు. ఒక్క ముక్క ఇడువకు."

సంపూర్ణ చెప్పింది. ఈసారి ఏ మాటా మింగలేదు. కడుపు తడమాలని చెప్పింది, ఎందుకు తడమాలో చెప్పింది, తడమకపోతే ఏమవుతుందో చెప్పింది. చెబుతున్నంతసేపూ ఏడుస్తూనే ఉంది. సోమ్లి ఏడవలేదు. పాఠం అప్పజెప్పుకునే రోజుల్లో విన్నట్టే, బుద్ధిగా తలొంచి విన్నది.

"బాలి మంచిగనే ఉండె" అంది అంతా విన్నాక. "పిల్ల పుట్టంగనే నవ్వింది. ఆడపిల్లనా యాడీ అన్నది. అవ్ బిడ్డా, నీ అసొంటిదే అన్న. నేను మాత్రలు తీసిన. చేదుగుంటయా అన్నది. నీకెరుకే గదా, దానికి సిన్నప్పటి సంది మందంటె భయం. నర్సమ్మ ఇచ్చింది, మింగు బిడ్డా అన్న." సోమ్లి తన కుడిచేతిని తిప్పి చూసుకుంది. "నీ పేరు చెప్తె మింగింది."

సంపూర్ణ ఆమె పాదాలు పట్టుకుంది. సోమ్లి కాళ్ళు వెనక్కి లాక్కుంది.

"కాళ్ళు పట్టుకోకు. నేను అడిగినదానికి చెప్పు. గా ముక్క నీకు తెల్వకుండెనా?"

"తెలుసు యాడీ. నా చేతులకు తెలుసు. నీకు చెప్పాల్నని తట్టలే. పాఠంల చెప్పినప్పుడు నేను ఫోన్ దగ్గరున్న. వినలే."

"ఎవరితోని మాట్లాడుతున్నవ్?"

ఏం చెప్పాలి? దవాఖానా పేరు టీవీలో రావడానికి, తనకు తెలిసిన సంగతినే తెలియనట్టు అడగడానికి, అక్కడ కూర్చున్నానని ఎలా చెప్పాలి? చెప్పింది. అదీ చెప్పింది. సోమ్లికి అది అర్థమైందో లేదో తెలియదు. ఇంత చిన్నదానికా అన్నట్టు ఒకసారి టీవీ ఉన్న హాలు వైపు చూసింది.

"దినాలనాడు ధన్‌సింగ్ నా మీద ఏలు పెట్టిండు. నువ్వు పక్కనే ఉన్నవ్. అప్పుడు ఎరుకనా నీకు?"

"రూఢిగ తెల్వదు యాడీ."

"అనుమానం ఉండెనా?"

హాల్లోంచి చప్పట్లు వినిపించాయి. దవాఖానా పేరు మళ్ళీ వచ్చినట్టుంది. సంపూర్ణకు ఇంకో అబద్ధం చెప్పే ఓపిక లేదు.

"ఉండె."

సోమ్లి కళ్ళు అప్పుడు నిండాయి. కూతురు పోయిన రోజున కూడా సంపూర్ణ ఆ కళ్ళను అలా చూడలేదు.

"తెల్వక అయినదానికి ఏమంట? నీ నోరు, నా చెయ్యి. ఇద్దరం కలిసి సంపుకున్నం. దానికి నువ్వు ఏడ్వు, నేను ఏడుస్త. గని పదిమందిల నన్ను అంటుంటె నీకు నోరు రాలే సూడు. ఇప్పుడు టీవీ ముందట చేతులు కడుక్కోమన్నవ్ సూడు. నేను నిన్ను నా బాలితోని సమానంగ సూసిన నర్సమ్మా. దానికన్న ఎక్కువ నమ్మిన. అది చెప్తె వినకపోదును, నువ్వు చెప్పినవనే ఏసిన."

నువ్వు కొట్టు, తిట్టు, నలుగురిలో నా పేరు చెప్పు అని బతిమాలుకుంది సంపూర్ణ. ఈరోజే తండాకు వచ్చి ధన్‌సింగ్ ముందు నిలబడి అంతా చెబుతానంది. సోమ్లి విన్నట్టు లేదు. పసిది నిద్రలేచి ఏడుపు లంకించుకుంది. సోమ్లి ఉగ్గుగిన్నెలో పాలు వంచింది.  గిన్నె పట్టిన చెయ్యి పసిదాని నోటి దాకా వెళ్ళి అక్కడే ఆగిపోయింది.

"నువ్వు తాపు" అంది. గిన్నె కింద పెట్టి, పసిదాన్ని సంపూర్ణ ఒళ్ళో పెట్టింది. "నా చేత్తోని దీని నోట్ల ఏం పెట్టాల్నన్నా భయమైతున్నది."

సంపూర్ణ తాపింది. కన్నీళ్ళు పాలలో పడకుండా ముఖం పక్కకు తిప్పుకుని తాపింది. పసిది చప్పరిస్తూ, ఎవరి చెయ్యి అయితేనేం అన్నట్టు ఆమె వేలు పట్టుకుంది. దాని పెదవులు అచ్చం బాలి పెదవులే. వాగు గట్టున రేగుపళ్ళు కోసుకొచ్చి నర్సమ్మ సంచీలో దొంగతనంగా వేసే రోజుల నాటి బాలి. ఆ పిల్ల పెళ్ళికి కొత్త చీర కట్టుకుని పోయిన తను, దాని చావుకూ కారణమైంది. ఇక ఏ ఆదివారం ఏ వాక్యం విన్నా ఈ బరువు దిగదనిపించింది ఆమెకు.

పాలు అయిపోయాయి. సంపూర్ణ కొంగుతో పసిదాని మూతి తుడిచింది. ఏడ్చి ఏడ్చి మెదడు మొద్దుబారినా, అందులో నర్సు అన్నది ఇంకా ఎక్కడో మేలుకునే ఉంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే కావచ్చు, ఇంకొకరి చేతులు కాలకుండా చూడాలి కదా.

"యాడీ, మిగిలిన మాత్రలు నాకియ్యి. ఇంటికాడ ఉన్నయా, సంచీల ఉన్నయా?"

సోమ్లి చెయ్యి నడుం సంచీ మీదికి పోయింది. దాన్ని తడిమింది. ఆ చెయ్యి అక్కడే బిగుసుకుపోయింది. 

"ఏంది యాడీ?"

"లేవు."

"ఏడ పోయినయ్?"

"మా పక్క గుడిసె గోప్యా పెండ్లానికి పొద్దుగాల నొప్పులు సురువైనయ్" అంది సోమ్లి.  "నన్ను ఉండమని ఏడ్చింది. దవాఖానాల పిలిచిన్రు, పోకుంటె నర్సమ్మకు మాటొస్తదని వచ్చిన. కడుపు శాన పెద్దగున్నది, ఇద్దరేమోనని నవ్వుకున్నం గూడ. బాలికి ఆలస్యం చేసిన, దీనికి గట్ల కావొద్దని మాత్రలు గోప్యా తల్లి చేతుల పెట్టిన. బిడ్డ కింద పడంగనే, బొడ్డు కొయ్యకముందే, మూడూ నోట్లె ఎయ్యి, నర్సమ్మ మాట అని ముసల్దానితోని ఒట్టేయించుకోని వచ్చిన."